నష్టపోయినా యథార్థత విడువలేదు, మరి దేవుని జవాబు ఏది?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. వరంగల్‌లో ఒక అడ్తి దుకాణంలో (రైతుల పంటను కమిషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. గత మిర్చి సీజన్‌లో, కాంటా మీద వచ్చిన తూకం కంటే తక్కువగా చిట్టాలో రాయమని యజమాని చెప్పారు. రాయలేనన్నాను, మరునాటి నుండి పనికి రావద్దన్నారు. అప్పటి నుండి స్థిరమైన పని లేదు, కూతురి కాలేజీ ఫీజు బాకీ పడింది. నాలో దాచుకున్న పాపం ఏదో ఉందని, ఒప్పుకుంటే దారి దొరుకుతుందని సంఘంలో కొందరు అంటున్నారు. “అందరు రాసేదే నువ్వు రాస్తే ఏమైతుండె?” అని నా భార్య అడుగుతోంది. ప్రార్థనకు జవాబు లేదు. దేవుని నమ్ముకొని నేను చెడిపోయానా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, హనుమకొండ

జవాబు: సహోదరా, మీరు చేసినది సరైన పనే. ములుగు వైపు నుండో భూపాలపల్లి వైపు నుండో, అప్పు తెచ్చి పండించిన మిర్చిని ట్రాక్టరులో వేసుకొని వచ్చి, రాత్రంతా బస్తాల పక్కనే పడుకున్న రైతుకు చిట్టాలో తగ్గే ప్రతి కిలో ఇంటి తిండిలో నుండి పోయేదే. దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము 11వ అధ్యాయము చెబుతుంది. సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు విధాల తూనికరాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము ఆజ్ఞాపిస్తుంది.

మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే, ఉద్యోగం పోయిన బాధకంటే సంఘంలోనివారి మాటే మిమ్మల్ని ఎక్కువగా గాయపరచినట్టుంది. బైబిలులో యోబు అనే యథార్థవంతుడు ఆస్తినీ బిడ్డలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నాడు. అతని ముగ్గురు స్నేహితులు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలంతా ఆ ఏడు దినాలలోనే ఉంది. తరువాత నోరు విప్పి, శ్రమ వచ్చిందంటే పాపం ఉండే ఉంటుందని వాదించారు. వారిలో ఎలీఫజు మరింత ముందుకు వెళ్లి, దప్పిగొన్నవానికి నీళ్లియ్యలేదనీ విధవరాండ్రను వట్టిచేతులతో పంపివేశావనీ, యోబు చేయని పాపాలను ఒక్కొక్కటిగా పేర్కొని అతనికి అంటగట్టాడు (యోబు గ్రంథము 22వ అధ్యాయము). బాధ తగ్గుతుందేమోనని యోబు వాటిని ఒప్పుకోలేదు. మరణమగువరకు యథార్థతను విడువనని చెప్పి, తనను న్యాయమైన త్రాసులో తూచమని దేవునినే అడిగాడు. చివరకు దేవుని కోపం రగులుకొన్నది ఆ ముగ్గురు స్నేహితుల మీదనే. కాబట్టి నిజంగా చేసిన పాపం ఏదైనా మీ మనస్సాక్షికి తెలిస్తే దానిని తప్పక ఒప్పుకోండి, గాని ఇతరులను తృప్తిపరచడానికి చేయని పాపాన్ని ఒప్పుకోవడం కూడా అబద్ధమే. తూకంలో అబద్ధం రాయనివారు ప్రార్థనలో ఎందుకు చెప్పాలి?

యోబు గ్రంథమంతటికీ మూలమైన ప్రశ్నను మొదటి అధ్యాయములో అపవాది, అంటే సాతాను, దేవుని ఎదుట వేస్తాడు: ఏ లాభమూ లేకుండానే యోబు దేవునికి భయపడుతున్నాడా? చివర యోబుకు పోయినదానికి రెండంతలు వచ్చింది గనుక మీకూ వస్తుందని ప్రసంగించేవారు ఉన్నారు. నేను ఆ మాట చెప్పను, ఎందుకంటే లాభం వస్తుందనే ఆశతో యథార్థంగా ఉంటే అపవాది ఆరోపణే నిజమవుతుంది. రెండంతలు రాకముందే, ఇంకా దేహమంతా కురుపులతో ఉన్నప్పుడే, యోబు యథార్థతను విడువనన్నాడు. తన ప్రతిమకు మ్రొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని బబులోను రాజు బెదిరించినప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు కూడా, దేవుడు తమను రక్షించకపోయినా మ్రొక్కబోమని ముందే రాజుతో చెప్పారు. పరలోకంలో దేవునికీ అపవాదికీ మధ్య తన గురించి జరిగిన ఆ సంభాషణ యోబుకు చివరివరకూ తెలియలేదు. మీ శ్రమకు కారణం మీకూ తెలియకపోవచ్చు, నాకూ తెలియదు.

జవాబు లేదని రాశారు. ఆ మాటనే దేవునితో చెప్పండి. యోబు తాను పుట్టిన దినాన్ని శపించాడు, దావీదు “ఎంతకాలము?” అని 13వ కీర్తనలో మళ్లీ మళ్లీ అడిగాడు. అలా అడిగేవారు దేవుని విడిచి వెళ్లినవారు కారు.

మీ భార్యను దయచేసి, దేవుని దూషించి మరణించమన్న యోబు భార్యతో పోల్చకండి. పోల్చినా, ఆ తల్లి కూడా పదిమంది బిడ్డలను ఒక్క దినములోనే పోగొట్టుకున్నదని మన ప్రసంగాలు మరచిపోతాయి. యోబు ఆమె మాటను ఖండించాడు గాని, గ్రంథం చివర దేవుడు గద్దించినవారిలో ఆమె లేదు. మీ నిర్ణయానికి మూల్యం ఆ సహోదరి కూడా చెల్లిస్తోంది. ఆమె ప్రశ్నలో విశ్వాసలోపం కంటే ఇల్లు గడవదన్న భయమే నాకు ఎక్కువగా వినిపిస్తోంది. బాకీలన్నీ ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో కలిసే సంఘ పెద్దల దగ్గరకు వెళ్లండి. ఒకరి భారములనొకరు భరించమని గలతీ సంఘాలకు అపొస్తలుడైన పౌలు రాసినది ఇటువంటి కుటుంబం విషయంలో అక్షరాలా చేయవలసిన పని, కాబట్టి సహాయం అడగడానికి సిగ్గుపడకండి.

ఫీజును వాయిదాలుగా తీసుకొమ్మని కాలేజీవారికి అర్జీ పెట్టండి. పాత దుకాణం నుండి రావలసిన జీతం ఉంటే ముందు రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. న్యాయంగా రావలసినది అడగడం పగ తీర్చుకోవడం కాదు. కొత్తచోట పాత పని ఎందుకు మానేశారని అడిగితే, తూకం తగ్గించి రాయడానికి ఒప్పుకోనందున తీసివేశారని, యజమానిని దూషించకుండా, జరిగినంతే చెప్పండి.