ఇంగ్లండ్‌లో చిన్న ట్రౌట్ చెరువుకి మొదటిసారి వెళ్తున్నాను. ఏ ఫ్లై తీసుకెళ్లాలి? పెంచి వదిలిన చేపలే కదా, తేలిగ్గా పడతాయా?

ఫ్లై, అంటే ఈకలూ దారాలూ చుట్టి పురుగులా కనిపించేట్టు చేసిన గాలం, దాని సంగతి చివర్లో. ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పెంచి వదిలిన చేప తేలిగ్గా పడదు. మాది కొల్లేటి పక్క ఊరు, చేపల చెరువుల గట్ల మీద పెరిగినవాణ్ని. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి చిల్లుల సంచుల్లో నింపి కర్రలకి కడితే బొచ్చెలు ఎగబడి వచ్చేవి. అదే చెరువులో ఒకసారి వల లాగితే చాలు, మర్నాడు సంచుల దగ్గర నీళ్లు కదిలేవి కావు. భయం నేర్చుకోవడానికి చేపకి ఒక్క రోజు చాలు.

ఇక్కడి రెయిన్‌బో ట్రౌట్ కూడా అంతే. అది అమెరికా పడమటి తీరపు చేప, 1880ల్లో బ్రిటన్‌కి తెచ్చారు. ఈ చిన్న చెరువుల్లో అది పిల్లల్ని పెట్టదు. చాలాచోట్ల వదిలేవి పిల్లలు పుట్టని ట్రిప్లాయిడ్ రకమే. అంటే వదలకపోతే చెరువులో చేపే ఉండదు. ‘వదిలిన చేపని పట్టడం కూడా ఒక వేటేనా’ అనే పెద్దమనుషులే బ్లాగ్డన్ పేరు చెప్పగానే చేతులు జోడిస్తారు. 1904లో ట్రౌట్ వేట మొదలైన ఆ బ్లాగ్డన్ కూడా మనుషులు కట్టిన రిజర్వాయరే, అందులోవీ వదిలిన చేపలే. వేట గొప్పతనం చెరువు సైజుని బట్టి ఉండదు.

కొత్తగా దిగిన చేప మొదటి రెండు మూడు రోజులు గుళికల మేత అలవాటులో ఉంటుంది. కళ్లకి కొట్టే రంగుది ఏది విసిరినా తరుముకొస్తుంది. ఆ రోజుల్లో వెళ్లినవాళ్లే ‘తేలిక’ అని ప్రచారం చేస్తారు. వారం ఆగి వెళ్లమనండి.

నేను వెళ్లింది చేపలు వదిలి వారం అయ్యాకే. నాలుగేళ్ల కిందట, మార్చి చివర. రెడింగ్ నుంచి హాంప్‌షైర్‌లోకి గంట ప్రయాణం. చెరువు మూడెకరాలు ఉంటుందేమో. సుద్దనేల ఊటల నీళ్లు కాబట్టి అడుగున గడ్డి పోచలు కూడా కనిపిస్తున్నాయి. చేతిలో 10 అడుగుల 8వ నంబరు రాడ్ (నంబరు పెరిగేకొద్దీ బరువైన లైను విసిరే రాడ్). అది రట్లాండ్, గ్రాఫమ్ లాంటి పెద్ద రిజర్వాయర్లలో గాలికి ఎదురు విసరడానికి పనికొచ్చే సరుకు. మూడెకరాల చెరువుకి వెళ్తున్నానని షాపులో స్పష్టంగా చెప్పాను. అయినా అదే అంటగట్టారు. కొత్తవాడు కనిపిస్తే ఖరీదైనది చేతిలో పెట్టే ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ మంటే. చిన్న చెరువుకి తొమ్మిదిన్నర అడుగుల 6వ నంబరు రాడ్, ఒక్క తేలే లైను చాలు. ఇంకోటి కొనకండి.

ఆ పొద్దున నారింజ రంగు బ్లాబ్, అంటే కళ్లకి కొట్టే ముద్దలాంటి ఫ్లై, కట్టి మూడు గంటలు విసిరాను. ప్రతిసారీ చెరువు మధ్యకి, ఎంత దూరం పోతే అంత దూరం. చేపలు వెనకాలే వస్తున్నాయి, కళ్లారా కనిపిస్తున్నాయి. కాళ్లకి రెండు గజాల దూరం దాకా వచ్చి, ఒక్కసారి పక్కకి తిరిగి మాయమవుతున్నాయి. ఇరవై మార్లు అలా జరిగితే మనిషికి ఎంత టెన్షనో అనుభవిస్తే తెలుస్తుంది.

ఎడమవైపు ఒక పెద్దాయన స్టూల్ మీద కూర్చున్నాడు. దాదాపు కదలడు. గంటలో మూడు పట్టాడు. ఆయనే లేచి వచ్చి, నా ఫ్లై వంక కూడా చూడకుండా, గాలి తోసుకొచ్చిన మూల గట్టు దగ్గరికి తీసుకెళ్లి నీళ్ల అంచు చూపించాడు. నురగలో సన్నటి పారదర్శకమైన పొట్టు తేలుతోంది, వందల్లో. పురుగు ఎగిరిపోగా మిగిలిన తొడుగులవి. ‘మీరు వాటికి మిఠాయి విసురుతున్నారు, అవి భోజనం చేస్తున్నాయి’ అన్నాడు.

దోమలా ఉండి కుట్టని పురుగు అది. రెక్కల చప్పుడు వల్ల ఇక్కడివాళ్లు బజర్ అంటారు. దాని ప్యూపా అడుగు బురదలోంచి నిదానంగా పైకి లేస్తుంది, నీటి పొర కింద కాసేపు వేలాడుతుంది. ట్రౌట్ దాన్ని తరమదు. నోరు తెరిచి నడుచుకుంటూ పోతున్నట్టు తింటుంది.

ఆయన నా లీడర్, అంటే లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం, 15 అడుగులకి పెంచి, చివర ఆ ప్యూపాలా ఉండే 14 నంబరు నల్ల బజర్ ఫ్లై కట్టి, ఒక్కటే చెప్పాడు: లాగొద్దు. గాలి లైనుని ఎటు తోస్తే అటు పోనివ్వు, లైను కొస నీళ్లలో దిగే చోటే చూడు. ఊళ్లో గాలం వేసినప్పుడు బెండు మునిగేదాకా చూసే ఓపిక నాకుంది. ఇక్కడ బెండు లేదు, అంతే తేడా. పదిహేను నిమిషాలు ఏమీ లేదు. తర్వాత లైను కొస గాలికి ఎదురుగా వేలెడంత జరిగింది. ఏ కుదుపూ లేదు, ఎవరో దారాన్ని నెమ్మదిగా తీసుకుంటున్నట్టు ఉంది. రాడ్ ఎత్తాను. రీలు గిర్రుమంది.

మూడున్నర పౌన్ల చేప. చంపి, పెద్దాయన పొడుగాటి సన్న చెంచాతో దాని పొట్టలోది తీసి, తెల్ల సాసర్‌లో నీళ్లు పోసి కలిపాడు. జీలకర్ర గింజల్లా నల్లటి ప్యూపాలు విడివడ్డాయి, నలభై దాకా ఉంటాయి. ఒక్కొక్కటీ కామాలా వంగి ఉంది, తల దగ్గర దూదిపోగంత తెల్లటి కుచ్చు, రెక్కలు రావలసిన చోట ఇటుక రంగు మచ్చ. రెండు ఇంకా మెలికలు తిరుగుతున్నాయి. ఒక్క గుళిక లేదు. పెంచిన చేపే, వారంలో చెరువు చేప అయిపోయింది. మాటలతో ఇంక వాదించనవసరం లేదు, ఆ సాసర్ చూస్తే చాలు.

ఆ చేపని పులుసు పెట్టి పాడుచేశాం. ట్రౌట్ కండ మెత్తన, పులుసులో విడిపోతుంది. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, తోలుతోనే పెనం మీద వేయించండి. పొలుసు తియ్యాల్సినంత ఉండదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. జులై, ఆగస్టుల్లో పట్టి వదిలేసే టికెట్ తీసుకుని, వదిలాం కాబట్టి పుణ్యం చేశాం అనుకునేవాళ్లున్నారు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే వాటిలో ఆక్సిజన్ తక్కువ, అలసిన ట్రౌట్ తేరుకోవడం కష్టం. ఈదుకుంటూ పోయిన చేప మర్నాడు గడ్డిలో వెల్లకిలా తేలుతుంది. అందుకే చాలా చెరువుల్లో ఎండలప్పుడు వదిలేయడం ఆపేస్తారు, పట్టింది తీసుకెళ్లి తినమంటారు. ఆ నియమం మీద విసుక్కోవద్దు. ఎండాకాలం అసలు మానేసి అక్టోబర్‌లో వెళ్లమంటాను. వదిలే రోజుల్లో కూడా చేపని గట్టు మీద పడుకోబెట్టి ఫొటోలు తియ్యకండి. వలని నీళ్లలోనే ఉంచి, చెయ్యి తడిపి, గాలం తీసి పంపించండి.

మీరు అడిగిన ఫ్లై సంగతి: నల్ల బజర్లు 12, 14 సైజుల్లో, ఒకటి రెండు డియాల్ బాక్, ఒక డామ్సెల్ (ఇవీ ఫ్లైల పేర్లే). బార్బ్‌లెస్, అంటే మొనకి వెనక ముల్లు లేని గాలాలే తీసుకోండి. 13 ఏళ్లు నిండిన ఎవరికైనా ప్రభుత్వ రాడ్ లైసెన్స్ ఉండాలి, చెరువు టికెట్ దానికి వేరు. మీ దగ్గర టీనేజ్ పిల్లలుంటే వాళ్లకీ తీయండి, 13 నుంచి 16 ఏళ్లవాళ్లకి ఉచితం. కళ్లద్దాలు, టోపీ లేకుండా రాడ్ ఎత్తొద్దు. వెనక్కి ఊపిన గాలం కంటికి తగిలితే అంతే సంగతులు.

చేరగానే రాడ్ కార్లోనే ఉంచి, గాలి కొడుతున్న మూలకి నడవండి. గట్టు అంచుకి పోకండి, రెండడుగులు వెనకే ఆగి నీళ్లు చూడండి. పొట్టు కనిపిస్తే బజర్ కట్టి, మొదటి విసురు మీ కాళ్ల ముందు మూడు గజాలకే వెయ్యండి.