ఎన్ఏడీహెచ్ రీసైక్లింగ్‌కి ఆర్టిఫిషియల్ మెటలోఎంజైమ్ పనికొస్తుందా?

మీరు అడిగింది ఇదీ: ఫార్మేట్ (హైడ్రోజన్ ఇచ్చే ఫార్మిక్ యాసిడ్ లవణం), రోడియం కాంప్లెక్స్ (రోడియం లోహం ఉన్న ఉత్ప్రేరకం) కలిపి, ఎంజైమ్‌లకు హైడ్రోజన్ అందించే ఎన్ఏడీహెచ్‌ని తిరిగి తయారు చేస్తుంటే మొదట బాగానే నడుస్తోంది, కాసేపటికి దాన్ని వాడుకుని ఆల్కహాల్ తయారుచేసే ఎంజైమ్, ఆల్కహాల్ డీహైడ్రోజినేస్, చతికిలబడుతోంది. లోహాన్ని ప్రొటీన్ లోపల పెడితే, అంటే ఆర్టిఫిషియల్ మెటలోఎంజైమ్ చేస్తే, నయమవుతుందా అని. చాలావరకు అవుతుంది. ఆ శ్రమంతా మీకు అవసరమా అన్నది వేరే సంగతి.

పీహెచ్‌డీలో నేనూ ఈ రోడియం, ఎంజైమ్ జంటతోనే కుస్తీ పట్టాను. రోడియం వెళ్ళి ఎంజైమ్‌లోని సిస్టీన్, హిస్టిడిన్ అనే అమైనో ఆసిడ్లను పట్టుకుంటుంది. దాంతో ఎంజైమూ పోతుంది, లోహమూ పనికిరాకుండా పోతుంది. ట్రిస్ బఫర్ కూడా లోహానికి అడ్డుపడుతుంది, ఫాస్ఫేట్‌కి మారండి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో థామస్ వార్డ్ బృందం 2013లో బయోటిన్ (ఒక విటమిన్) తగిలించిన ఇరిడియం కాంప్లెక్స్‌ని, బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌లో కూర్చోబెట్టి, మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌తో ఒకే పాత్రలో నడిపించింది. లోహం ప్రొటీన్ గుంటలో దాగి ఉంటే పెద్ద ఎంజైమ్ దాని దాకా చేరలేదు, ఫార్మేట్ లాంటి చిన్నవి మాత్రం వెళ్ళొస్తాయి. 2016లో అదే బృందం ఎన్ఏడీ(పీ)హెచ్‌తో, అంటే ఎన్ఏడీహెచ్‌తోనూ దాని ఫాస్ఫేట్ రూపం ఎన్ఏడీపీహెచ్‌తోనూ పనిచేసే రకాన్ని కూడా చూపించింది.

స్ట్రెప్టావిడిన్‌కి నాలుగు బయోటిన్ గుంటలుంటాయి. నాలుగూ నింపాలన్న ఆశ వద్దు. కాంప్లెక్స్ కాస్త తక్కువే వేయండి, లేకపోతే బయట మిగిలిన లోహం మళ్ళీ అదే పని చేస్తుంది. నింపిన ప్రొటీన్‌ని మీ డీహైడ్రోజినేస్‌తో కలిపి ఉంచి, మధ్యమధ్యలో కొంచెం తీసి ఎంజైమ్ యాక్టివిటీ చూడండి. ఉత్త కాంప్లెక్స్‌తో ఇంకో ట్యూబ్ పక్కనే పెడితే, ప్రొటీన్ ఎంత కాపాడుతోందో తేడా కళ్ళకు కడుతుంది.

ఎన్ఏడీహెచ్ కాంతిని పీల్చే 340 నానోమీటర్ల దగ్గర గ్రాఫ్ పైకి లేచిందని సంబరపడొద్దు. హైడ్రోజన్ వేరే చోట చేరిన, ఎంజైమ్‌కి పనికిరాని 1,6 రూపం కూడా దాదాపు అక్కడే కాంతిని పీలుస్తుంది. ఈ రోడియం కాంప్లెక్స్‌కి ఎంజైమ్‌కి పనికొచ్చే 1,4 రూపమే ఇస్తుందన్న మంచి పేరుంది, కానీ లోహాన్ని పట్టుకున్న లిగాండ్ మారిస్తే ఆ పేరు మీద భరోసా పెట్టుకోకండి. అసలు డీహైడ్రోజినేస్ వేసి, ఆ ఎన్ఏడీహెచ్ నిజంగా ఖర్చవుతోందో లేదో చూడాలి.

మీ గమ్యం ఆల్కహాల్ తయారీ మాత్రమే అయితే ముందు ఫార్మేట్‌తోనే ఎన్ఏడీహెచ్‌ని తిరిగి తయారుచేసే ఎంజైమ్, ఫార్మేట్ డీహైడ్రోజినేస్, పెట్టండి. కాండిడా బోయిడినీ అనే ఈస్ట్ నుంచి వచ్చేది నెమ్మది సరుకే, కానీ టెన్షన్ ఉండదు. మీ ఎంజైమ్ ఎన్ఏడీపీహెచ్ అడిగేదైతే గ్లూకోజ్‌తో ఆ పని చేసే గ్లూకోజ్ డీహైడ్రోజినేస్ మేలు. గ్లూకోనిక్ యాసిడ్‌తో పీహెచ్ పడిపోతుంటుంది కాబట్టి క్షారం చుక్కచుక్కగా వేస్తూ కూర్చోవాలి, అంతే. మెటలోఎంజైమ్ మీదే పరిశోధన అయితే మాత్రం సెల్ లైసేట్ (పగలగొట్టిన కణాల ద్రవం) జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అందులోని గ్లూటాథయోన్ అనే సల్ఫర్ ఉన్న అణువు లోహాన్ని దెబ్బతీస్తుంది. ప్యూరిఫై చేసిన ప్రొటీన్‌తో మొదలుపెట్టండి.