‘నీలా నువ్వుండు’ అని చెప్పే నవలలు పిల్లల్ని చెడగొడతాయా?

ఎనిమిదో క్లాసు చదివే మీ బాబుకి స్కూల్లో ఇచ్చే ఇంగ్లీషు నవలలన్నిట్లోనూ హీరో నలుగురి దారి కాదని పోయేవాడేననీ, ఇవి చదివి వాడు రేపు ఎవరి మాటా వినడేమోననీ అడిగారు. మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆరో క్లాసు నుంచి ఇలాంటివి తెచ్చుకుంటుంటే పక్కన కూచుని నేనూ చదువుతూ వచ్చాను. నేను చూసినంతలో ఆ భయం అక్కర్లేదండి. ఈ కోవలో మంచి నవలలు ఎదురుతిరగమని నూరిపోయవు. నలుగురిలో కలిసిపోతే ఎంత హాయిగా ఉంటుందో ముందు చూపిస్తాయి. ఆ హాయి కోసం ఏం వదులుకోవాలో తర్వాత చూపిస్తాయి.

లోయిస్ లౌరీ ‘ది గివర్’ తీసుకోండి. 1993లో వచ్చింది, మరుసటేడు అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ అందుకుంది. అందులోని ఊళ్లో ఆకలి లేదు, గొడవల్లేవు, రంగులు కూడా లేవు. పన్నెండో ఏట ఎవరు ఏ పని చెయ్యాలో పెద్దలే తేల్చేస్తారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల జాకెట్లకి గుండీలు వీపు వైపు ఉంటాయి. ఎవరివి వాళ్లు పెట్టుకోలేరు, ఒకరికొకరు పెట్టాల్సిందే. ఏడో ఏట ముందు గుండీల జాకెట్టు ఇస్తారు. ఆ పేజీ చదివి మా అమ్మాయి “ఎంత బాగుందో కదమ్మా” అంది. నాకూ బాగానే అనిపించింది. రచయిత్రి పట్టు అక్కడే ఉంది. ఆ ఊరిని మనం ఇష్టపడ్డాకే అసలు సంగతి బయటపెడుతుంది. హీరో జోనస్ అనే కుర్రాడు. వాడి తండ్రి పసిపిల్లల్ని సాకే మెత్తటి మనిషి. ఒకే పోలికతో ఇద్దరు ఉండకూడదని ఆ ఊరి రూలు కాబట్టి, కవలల్లో బరువు తక్కువున్న బిడ్డకి ఆయనే సూది వేసి, ముద్దుగా బై బై చెప్పి చంపేస్తాడు. ఆయనకది తప్పని కూడా తెలీదు. అక్కడ మా అమ్మాయి పుస్తకం మూసేసి ఆ సాయంత్రం ఇక చదవలేదు.

ఇంకో మాట. జోనస్ ఊరొదిలి పారిపోయేది తన ప్రత్యేకత చాటుకోడానికి కాదు, అలాగే చావబోతున్న గేబ్రియల్ అనే పసివాణ్ణి బతికించుకోడానికి. మీ బాబు ఇది గమనిస్తే చాలు, మీరు భయపడే తలబిరుసు వాడికి అబ్బదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం జెర్రీ స్పినెల్లీ ‘స్టార్‌గర్ల్’ (2000). అరిజోనాలో ఒక హైస్కూలు. కొత్తగా వచ్చిన స్టార్‌గర్ల్ అనే అమ్మాయి క్యాంటీన్‌లో యుకులేలే (చిన్న గిటార్ లాంటిది) వాయిస్తూ పుట్టినరోజు పాటలు పాడుతుంది, ఆటలో అవతలి జట్టు గెలిచినా చప్పట్లు కొడుతుంది. మొదట అందరూ నెత్తిన పెట్టుకుంటారు, తర్వాత వెలివేస్తారు. ఆమెని మారమని అడిగేది మాత్రం ఆమెని ప్రేమించే లియో. “నలుగురూ ఏమనుకుంటారు” అని మనం ఇళ్లలో పిల్లలతో అనే గొంతే అది. ప్రేమతో అంటాం కాబట్టే పిల్లలు కాదనలేరు. ఆమె కూడా కాదనలేదు. పేరు మార్చుకుంది, బట్టలు మార్చుకుంది, అయినా ఎవరూ దగ్గరికి తీయలేదు. గుంపు ఒకసారి పక్కన పెట్టాక మనం మారినంత మాత్రాన తలుపు తీయదని ఇంత సూటిగా చెప్పిన పిల్లల పుస్తకం నేను ఇంకోటి చదవలేదు.

రాబర్ట్ కోర్మియర్ ‘ది చాక్లెట్ వార్’ (1974) కాస్త పెద్దయ్యాక ఇవ్వండి, కొట్లాటలు కటువుగా ఉంటాయి. స్కూలు కోసం చాక్లెట్లు అమ్మనని జెర్రీ అనే కుర్రాడు రోజూ చెప్తుంటాడు. మొదటి పది రోజులూ అది వాడి మాట కాదు, స్కూల్లోని రహస్య ముఠా అలా చెప్పమని ఆజ్ఞ వేసింది. గడువు అయిపోయాక కూడా అమ్మనంటాడు చూడండి, ఆ ‘నో’ ఒక్కటే వాడిది. చివరికి వాడు గెలవడు, చావుదెబ్బలు తింటాడు. ఒంటరిగా నిలబడితే ఏమవుతుందో కోర్మియర్ దాచలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

నేను అంతగా మెచ్చనివి ‘డైవర్జెంట్’ (2011) లాంటివి. అక్కడ హీరోయిన్ తీరే వేరు, తక్కినవాళ్లు ఏదో ఒక మూసలో ఇమిడిపోయేవాళ్లు. కథ చకచకా నడుస్తుంది, చదవద్దనను. కానీ చదివే ప్రతి పిల్లా తనే ఆ హీరోయిన్ అనుకుంటుంది, క్లాసులో పక్కనున్నవాళ్లని గొర్రెల మంద అనుకుంటుంది. మీ భయానికి కాస్తో కూస్తో ఆధారం ఉంటే ఇక్కడే ఉంది.

కాబట్టి ఇప్పుడు ‘ది గివర్’, వచ్చే ఏడాది ‘స్టార్‌గర్ల్’, పదో క్లాసుకొచ్చాక ‘ది చాక్లెట్ వార్’ ఇచ్చి చూడండి. మీరూ చదవండి. పుస్తకం అయ్యాక నీతి ఏమిటని అడక్కండి. హీరోని మారమన్నది ఎవరు, వాడు మారితే వాళ్లకి ఏం కలిసొస్తుంది అని అడగండి. మా ఇంట్లో ఈ ప్రశ్న మీద ‘స్టార్‌గర్ల్’ చదివినప్పుడు భోజనాల దగ్గర రెండు రోజులు వాదన నడిచింది, మా ఆయన లియో పక్షం, మా అమ్మాయి ఆయనకి పూర్తిగా వ్యతిరేకం.