ఆయన రాత్రుళ్లు ఎవరి ఇల్లు బాగుచేస్తున్నారు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నా వయసు 36. మావారు రైస్‌మిల్లులో గుమాస్తా. పాప చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్‌లో హౌస్ ఫ్లిప్పర్ అని ఇళ్లు బాగుచేసే ఆట ఏడాదిగా ఆడుతున్నారు. భోజనం కాగానే కూర్చుంటే పన్నెండున్నర దాకా లేవరు. మాది మామగారి నాటి మండువా పెంకుటిల్లు. పెంకులు పగిలి వానొస్తే గదిలో నీళ్లు కారుతున్నాయి. బాత్రూమ్ తలుపు ఊడి రెండేళ్లయింది. అడిగితే ‘చూద్దాంలే’ అంటారు. అక్కడ మాత్రం ఎవరివో గోడలకు రంగులేస్తారు. మామగారు పోయి మూడేళ్లయినా ఇల్లు ఇంకా పంచుకోలేదు. బావగారు హైదరాబాద్‌లో, మరిది కువైట్‌లో ఉంటారు, అత్తగారు మా దగ్గరే. మొన్న కోపంలో ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. నాలుగు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు తాళం తీసి ల్యాప్‌టాప్ ఆయనకు ఇచ్చేయండమ్మా. మీ కోపం న్యాయమైనదే. తలుపు లేని బాత్రూమ్‌తో రెండేళ్లుగా అవస్థ పడుతున్నది మీరు, పాప, అత్తగారు. కానీ బీరువా తాళంతో ఆ తలుపు రాదు.

మీ ఉత్తరంలో ఇల్లు పంచుకోలేదన్న సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అదే అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. దాని దగ్గరికి వస్తాను, ముందు ఆట సంగతి.

ఈ ఆట పోలండ్‌లో తయారైంది, 2018లో వచ్చింది. దీని రెండో భాగం 2023 డిసెంబరులో వచ్చింది. మీకు జవాబు రాసేముందు పది రోజులు నేనూ ఆడి చూశాను. మా ఇల్లు శుభ్రం చేసి హాలుకు రంగు వేసిపెట్టండని ఎవరో మెయిల్ పెడతారు. వెళ్లి చెత్త ఎత్తాలి, మరకలు తుడవాలి, రోలర్‌తో గోడకు పట్టీ పట్టీగా రంగు వేయాలి. పని ఎంత పూర్తయిందో శాతాల్లో కనిపిస్తూ ఉంటుంది. డబ్బు చేరాక పాడుపడ్డ ఇల్లు కొని, గోడలు పడగొట్టి, మళ్లీ కట్టి అమ్ముకోవచ్చు.

వినడానికి ఇంతే. కానీ మొదటి గోడ పూర్తయినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతికి ముందు సున్నం నానబెట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, తనే కుంచె పట్టుకుని వసారా గోడకు వేసేది. కాస్త వేసి, వెనక్కి జరిగి నిలబడి చూసుకునేది. ఆ చూసుకోవడం కోసమే అంత కష్టపడేదేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఈ ఆటలో ఉన్న సుఖమంతా అక్కడే ఉంది. ఇందాకటి దాకా మురికిగా ఉన్న చోటు మన చేతి మీదుగా శుభ్రమై కళ్ల ముందు నిలబడుతుంది.

నిజం ఇంట్లో ఆ క్షణం దాకా రావడం ఎంత కష్టమో మన గోదావరి లంకల్లో, కాలవ గట్ల మీద ఇల్లు బాగుచేయించిన వాళ్లకు తెలుసు. సోమవారం వస్తానన్న తాపీ మేస్త్రి పై సోమవారానికీ రాడు. నేలలోంచి చెమ్మ ఎక్కి, వేసిన రంగు ఏడాది తిరక్కుండా పెచ్చులు లేస్తుంది. ఆటలో రంగు అప్పుడే ఆరుతుంది, నచ్చకపోతే ఇంకోటి వేసుకోవచ్చు. అన్నిటికీ మించి, అక్కడి ఇంటికి అన్నదమ్ముల అనుమతి అక్కర్లేదు.

మీవారిని అక్కడ కూర్చోబెడుతున్నది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. పెంకులు మారిస్తే ఎవర్నడిగి మార్చావంటారేమో, ఖర్చు చెబితే ఎక్కువ రాశావంటారేమో అన్న టెన్షన్ ఆయనకు ఉండే ఉంటుంది. రాత్రి మూడు గంటలు కూర్చుని గోడలు తుడిచే మనిషి బద్ధకస్తుడు కాడు.

ఇది వ్యసనమా అన్న భయం మీకు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా సాధారణంగా 12 నెలలు సాగడం దాని గుర్తులు. ఆయన మిల్లు పని ఎగ్గొడుతున్నారని, డబ్బు తగలేస్తున్నారని మీరు రాయలేదు. అలా జరిగిన రోజున మాత్రం మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, ఆలస్యం చేయకండి.

ఇప్పటికి నిద్ర సంగతి చూసుకుంటే చాలు. పవర్‌వాష్ సిమ్యులేటర్ అని నీళ్ల పంపుతో మురికి కడిగే ఆట ఇంకొకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాన్ని ఆడే 8,695 మందిని గమనించారు. ఆడుతున్నంతసేపూ చాలామంది మనసు కాస్త తేలికపడింది, ఆ మార్పులో ఎక్కువ భాగం మొదటి 15 నిమిషాల్లోనే వచ్చింది. ఈ ముక్క ఆయనకు చెప్పండి. అర్ధరాత్రి దాకా కూర్చోనక్కర్లేదు. గోడ సగంలో ఉండగా ‘కట్టెయ్యండి’ అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ గది అయ్యాక ఆపేలా మాట తీసుకోండి. ఒక రాత్రి పక్కన కూర్చుని, ‘ఏదీ, మీరు చేసిన ఇల్లు చూపించండి’ అనండి. ఏడాదిలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడిగి ఉండరు.

ఇక ఇల్లు. రిపేరునీ పంపకాన్నీ విడదీయండి. పంపకం తేలేదాకా వాన ఆగదు. కువైట్ మరిదికి సెలవు రోజు చూసి, అత్తగారిని మధ్యలో కూర్చోబెట్టి, ముగ్గురన్నదమ్ములూ ఒకే వీడియో కాల్‌లో మాట్లాడుకోవాలి. కారే గది ఫోటోలు ముందే పంపండి. పెంకులకు ఎంతవుతుందో, ఇప్పుడు ఎవరు పెడతారో, పంపకాల్లో దాన్ని ఎలా సర్దుకుంటారో ఒప్పుకుని మెసేజ్‌లో రాసుకోవాలి. బిల్లులన్నీ దాచండి. మామగారు వీలునామా రాయకపోయుంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తగారికీ వాటా ఉంటుంది, ఆడపడుచులుంటే వాళ్లకూ ఉంటుంది. పంపకం మాట వచ్చినప్పుడు వాళ్లను వదిలేసి కూర్చోవద్దు, ఒక లాయరును కలిసి దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి.

బాత్రూమ్ తలుపుకు మాత్రం ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. ఈ ఆదివారమే వేయించండి. పీవీసీదా, చెక్కదా, ఏ రంగుదా అన్నది ఆయన్నే తేల్చనివ్వండి.