చిన్న బోల్టుకు పొట్టి పానా చాలు

ఇంజిన్ కవర్‌కు ఉండే 6 ఎంఎం బోల్టుల్లో ఒకటి తెగిపోయిందని, ఇంకోదాని రంధ్రంలో థ్రెడ్ (మర) పోయిందని రాశారు. హాఫ్ ఇంచ్ టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో సెట్ చేసుకునే పానా, సాకెట్ తగిలించే చదరపు మొన అర అంగుళం ఉండేది) కొంటే ఈ బాధ తప్పుతుందా అని అడిగారు. ఈ పనికి ఆ సైజు రెంచ్ కొనకండి. ముందు మీ చేతిలో ఉన్న పానా పొడవు ఎంతో చూడండి.

బోల్టు మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని 10 కిలోల బలంతో లాగితే దాదాపు 10 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పడుతుంది. 6 ఎంఎం బోల్టుకు మామూలుగా కావలసింది అంతే. అదే బలంతో 25 సెంటీమీటర్ల రాచెట్ (సాకెట్‌ను ఒకవైపుకే తిప్పే పిడి) చివర పట్టుకుని లాగితే 25 న్యూటన్ మీటర్లు పడుతుంది. అది 8 ఎంఎం బోల్టును బిగించే టార్క్. రెండుసార్లూ చేతికి ఒకేలా ఉంటుంది, బోల్టు మీద మాత్రం రెండున్నర రెట్లు పడుతుంది. ఇంకో సంగతి, తలకు 10 నంబరు పానా పడుతుంది కదా అని అది 10 ఎంఎం బోల్టు అనుకోకండి. చూడాల్సింది థ్రెడ్ లావు.

నా బండి పనులన్నీ ఏళ్లుగా నేనే చేసుకుంటున్నాను. చిన్న బోల్టులకు నేను వాడేది టీ స్పానర్, లేదంటే స్క్రూడ్రైవర్ లాంటి పిడికి తగిలించే క్వార్టర్ ఇంచ్ సాకెట్. టీ స్పానర్ అయితే మొదట అడ్డకడ్డీని ముట్టుకోను, నిలువు కడ్డీని వేళ్లతోనే తిప్పుతాను. చివర్లో కాస్త బిగువు కోసం చిన్న రాచెట్ తీసుకుని, దాని తల మీద అరచేయి ఆనించి, రెండు మూడు వేళ్లతో లాగుతాను. అలెన్ కీ అయితే పొడవు కాలు బోల్టులో పెట్టి పొట్టి కాలు తిప్పితే సరిపోతుంది.

పొట్టి పానాతో అసలు లాభం చేతికి కబురు అందడం. బోల్టు తల కవర్‌కు ఆనగానే అప్పటిదాకా వదులుగా తిరిగినది టక్కున ఆగుతుంది. అక్కడి నుంచి ఏ కొంచెం తిప్పినా బిగువు పెరుగుతూ పోవాలి. తిరుగుతోంది కానీ బిగువు పెరగడం లేదు, మెత్తగా సాగుతున్నట్టుంది అనిపించిందా, వెంటనే ఆపేయండి. బోల్టు సాగుతోందో, అల్యూమినియంలో థ్రెడ్ ఊడుతోందో అయి ఉంటుంది. పొడవాటి రాచెట్ పట్టుకుంటే ఈ తేడా తెలిసేలోపే పని అయిపోతుంది.

టార్క్ రెంచ్ కొనాలనే ఉంటే క్వార్టర్ ఇంచ్‌ది, 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల రేంజ్‌ది తీసుకోండి. ఏ రెంచ్ అయినా దాని రేంజ్‌లో అడుగు భాగాన అంత నమ్మకంగా పనిచేయదు. మా స్నేహితుడొకరు 40 నుంచి 200 రేంజ్ ఉన్న పెద్ద రెంచ్‌తో చిన్న బోల్టు బిగిస్తూ క్లిక్ (సెట్ చేసిన టార్క్ రాగానే రెంచ్ చేసే శబ్దం) కోసం ఎదురుచూశారు. క్లిక్ రాలేదు, బోల్టు తెగింది. క్లిక్ వినగానే ఆపాలి, నమ్మకం కోసం మళ్లీ మళ్లీ క్లిక్ చేయించకూడదు. పని అయ్యాక సెట్టింగ్ తగ్గించి కనీస అంకె దగ్గర పెట్టి దాచండి.

థ్రెడ్‌కు నూనె రాసే ముందు కూడా ఆలోచించండి. మనం పెట్టే టార్క్‌లో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, బోల్టును లాగిపట్టడానికి మిగిలేది కొంచెమే. నూనె ఆ రాపిడిని తగ్గించేస్తుంది కాబట్టి అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది. సర్వీస్ మాన్యువల్‌లో నూనె రాయమని లేకపోతే థ్రెడ్ తుడిచి పొడిగానే బిగించండి. రంధ్రం అడుగున నూనె, మట్టి ఉంటే అదీ తీసేయాలి.

కవర్ అంచున ఆయిల్ చెమ్మ కనిపిస్తే చాలామంది బోల్టులు ఇంకాస్త బిగిస్తారు. థ్రెడ్లు ఎక్కువగా పోయేది అక్కడేనని నా అభిప్రాయం. పాత గ్యాస్కెట్ (లీక్ కాకుండా కవర్ కింద వేసే పొర) ముక్క అతుక్కుని ఉంటే ఎంత బిగించినా లీక్ ఆగదు. కవర్ విప్పి, అంచులు శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, ఎదురెదురు బోల్టులను రెండు విడతలుగా బిగించండి.

థ్రెడ్ పోయిన ఆ రంధ్రంలోకి లావు బోల్టు దూర్చకండి. హెలికాయిల్ (పాడైన రంధ్రంలో కొత్త థ్రెడ్‌గా పనిచేసే తీగచుట్ట) వేయించి, అంతే పొడవున్న కొత్త 6 ఎంఎం బోల్టు పెట్టి, మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించండి.