బాగానే ఉన్నాను కదా అని మాత్ర మానేయకండి

ప్రశ్న: నా వయసు 25. ఎనిమిది నెలల కిందట సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఇమాటినిబ్ 400 ఎంజీ మాత్ర రోజూ ఒకటి వేసుకోమన్నారు. పైకి మామూలుగానే ఉంటాను కానీ రాత్రిళ్లు నిద్ర పట్టదు. స్నేహితులకు చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. వికారంగా ఉంటే వారంలో ఒకట్రెండు రోజులు మాత్ర వేసుకోను. తెలిసినవాళ్లు ఇచ్చిన ఆకుపొడి కూడా వాడుతున్నాను. ఈ టెన్షన్ తగ్గేదెలా?

జవాబు: టెన్షన్ సంగతి తర్వాత చూద్దాం. వారంలో ఒకట్రెండు అంటే నెలకు నాలుగు నుంచి ఎనిమిది మాత్రలు తప్పుతున్నట్టు. ఇది చిన్న విషయం కాదు. ఈ జబ్బులో మాత్ర మానేస్తే ఆ రోజు నొప్పి రాదు, జ్వరం రాదు. చాలామంది మోసపోయేది అక్కడే. రక్తంలో మందు తగ్గితే జబ్బు కణాలు మళ్లీ పెరగొచ్చు, మందుకు లొంగకుండా మారొచ్చు కూడా. మామూలు రక్త పరీక్షలో కణాల కౌంట్ సరిగ్గా ఉన్నా ఆ పెరుగుదల బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్షలో, అంటే ఈ జబ్బు జన్యువు రక్తంలో ఎంత ఉందో కొలిచే పరీక్షలో, బయటపడుతుంది. మూడు నెలలకోసారి చేయించాల్సిన ఆ పరీక్ష ఫలితం మీరు రాయనే లేదు.

మాత్రను కడుపునిండా తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోండి, చాలామందికి వికారం తగ్గుతుంది. తగ్గకపోతే వాంతుల మందు ఇవ్వడమో, అసలు మందే మార్చడమో మీ డాక్టర్ చూస్తారు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. ఆకుపొడి ఆపేయండి. కొన్ని మూలికలు రక్తంలో ఇమాటినిబ్ మోతాదును తారుమారు చేస్తాయి, కొన్ని లివర్‌ను దెబ్బతీస్తాయి. ప్యాకెట్ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. ఇలాంటి జబ్బుకు సొంత వైద్యం ఏమిటి?

ఇక మనసు సంగతి. పాతికేళ్లకే ఈ మాట వింటే నిద్ర పట్టకపోవడం సహజం. కానీ 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఈ జబ్బు కథే మారిపోయింది. మందు బాగా పనిచేసినవాళ్లు దాదాపు అందరిలాగే బతుకుతున్నారు. అందరికీ చెప్పాల్సిన పని లేదు. మీ మాత్ర వేళ తెలిసినవాళ్లు, నోరు జారనివాళ్లు ఒక్కరుంటే చాలు. నిద్రమాత్రలు సొంతంగా కొనొద్దు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. చావు ఆలోచనలు వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. మీరు స్త్రీ అయితే, గర్భం గురించి ముందే మాట్లాడాలి, ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

రిపోర్టులు చూడకుండా ఇంతకంటే చెప్పలేను. ఈ వారంలోనే మీ హెమటాలజిస్టును (రక్త వ్యాధుల డాక్టర్‌ను) కలవండి, తప్పిన మాత్రల లెక్క తగ్గించి చెప్పకండి.