పాత ఇంగ్లండ్ చట్టంలో 'కన్విక్షన్', 'అటెయిండర్' ఒకటేనా?

కాదు. జ్యూరీ 'దోషి' అని తేల్చడం కన్విక్షన్. ఆ తర్వాత జడ్జి మరణశిక్ష ప్రకటించగానే చట్టం దృష్టిలో ఆ మనిషికి పట్టే మచ్చ అటెయిండర్.

ఈ తేడా అంతా ఆస్తి దగ్గర తేలేది. దోషిగా తేలగానే డబ్బు, పశువులు, సామాను లాంటి చరాస్తి రాజుకు పోయేది. భూమి మాత్రం అటెయిండర్ పడ్డాకే పోయేది: రాజద్రోహమైతే రాజుకు, మామూలు ఫెలనీ (హత్య, దొంగతనం లాంటి పెద్ద నేరం) అయితే చివరికి ఆ భూమి ఏ ప్రభువు కింద ఉందో ఆయనకు. పైగా 'రక్తం చెడింది' అనేవారు. అంటే అతని ద్వారా రావాల్సిన వారసత్వం పిల్లలకు కూడా తెగిపోయేది. తప్పు ఒకరిది, దెబ్బ ఇంటిల్లిపాదికీ!

ఉదాహరణకు, దొంగతనం కేసులో జ్యూరీ ఒక రైతును దోషి అంది. శిక్ష ప్రకటించేలోపే అతను జైల్లో చనిపోయాడనుకోండి. సామాను పోతుంది, పొలం కొడుక్కి దక్కుతుంది. శిక్ష ప్రకటించాక చనిపోతే పొలం కూడా పోయినట్టే.

అటెయిండర్ అంటే పార్లమెంటు చేసే ప్రత్యేక చట్టమే అని చాలామంది పొరబడతారు. అది ఒక దారి మాత్రమే. 1685లో రాజు మీద తిరగబడ్డ మన్‌మత్ డ్యూక్‌కు అలాగే విచారణ లేకుండా తల తీశారు. కానీ ఎక్కువమందికి ఇది మామూలు కోర్టు తీర్పుతోనే పడేది. రాజద్రోహం, ఫెలనీ కేసుల్లో దీన్ని 1870 చట్టం ఎత్తేసింది.